అందరికీ, ఒక్కరికి తప్ప

మా చర్చి మైకు కాలువ అవతలి టీ కొట్టు దాకా వినిపించేది. ప్రసంగం వినిపిస్తే ఎవరికీ బాధ లేదు. విన్నపాలు కూడా వినిపించేవి. గొడవంతా అక్కడే.

విన్నపాలంటే ప్రార్థన విన్నపాలు. ఆదివారం ఆరాధనకి వచ్చినవాళ్ళు తమ కష్టాన్ని చిన్న చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. ప్రసంగం అయ్యాక అయ్యగారు ఆ చీటీలు తీసి ఒక్కొక్కటీ చదివి ప్రార్థన చేస్తారు. మా వైపు పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ పిలుస్తాం. అయ్యగారిది ఖంగుమనే గొంతు, మనసులో ఏదీ దాచుకోలేని స్వభావం. ఫలానా సహోదరుడికి మొలల ఆపరేషను అని ఆయన మైకులో చదివితే, ఆ సహోదరుడు మర్నాడు టీ కొట్టుకి వెళ్ళేసరికి కొట్టాయన బల్ల తుడుస్తూ "ఆయ్, కూచుంటారాండి, నిలబడే తాగుతారాండి?" అని అడిగేవాడు. అది వెటకారం అనుకుంటే పొరపాటు. మర్యాదే. కాకపోతే కోనసీమలో ఆ రెంటికీ మధ్య తడిక కొంచెం పల్చన.

రాజోలు పక్కనున్న మా ఊళ్ళో దాదాపు ఇంటికొకరు గల్ఫులో ఉండేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మస్కట్‌లోనూ కువైట్‌లోనూ దోహాలోనూ ఉన్న మా సంఘస్తులు కలిసి చర్చి ఆఫీసు గదికి ఒక కంప్యూటరు కొనిచ్చారు. దాంతోపాటు ఒక వెబ్‌సైటు కూడా తయారు చేయించమన్నారు. అక్కడినుంచి వాళ్ళు విన్నపాలు రాస్తే ఇక్కడ సంఘం చదివి ప్రార్థన చెయ్యాలి. ఆ పని నాకు పడింది. నేనప్పుడు అమలాపురంలో ఒక కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఉద్యోగం గోరంత, పొగరు కొండంత.

మొదట అందరికీ అన్నీ కనిపించేటట్టు తయారు చేశాను. కువైట్‌లో ఉన్న ఒకాయన, తన తమ్ముడికి దేవుడు మంచి బుద్ధి ప్రసాదించాలని విన్నవించాడు. ఆ తమ్ముడు రాజోలు బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని అది చదివి, అన్నకి అంతకంటే ముందు బుద్ధి రావాలని కిందనే రాశాడు. అన్నదమ్ములిద్దరి కోసమూ సంఘం మోకరించాల్సి వచ్చింది. ఇది మైకు కంటే ప్రమాదంగా ఉందని సంఘపెద్దలు నన్ను పిలిపించారు.

"ఒక్కో విన్నపం ఒక్కో పేజీ అనుకోండి. ఒక్కో పేజీకీ ఒక తలుపు పెడతాను. ఆ తలుపు ఎవరికి తెరుచుకోవాలో విన్నపం రాసినవాళ్ళే చెబుతారు," అన్నాను.

అలా నాలుగు గడులు పెట్టాను. అయ్యగారికి మాత్రమే, సంఘపెద్దలకి, స్త్రీల సమాజానికి, సంఘమంతటికీ. రాసినవాళ్ళు తమకి కావలసిన గడిలో టిక్కు పెట్టుకోవాలి. సంఘంలో ప్రతి ఒక్కరికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డు. టిక్కు లేని పేజీ నొక్కితే "మీకు అనుమతి లేదు" అని వస్తుంది. పనిలో పనిగా సొంత డబ్బా కొట్టుకోవడం కాదు గానీ, చాలా శుభ్రంగా పనిచేసింది.

మొట్టమొదటి శనివారమే మా పెద్ద మాస్టారికి ఆ వాక్యం తగిలింది. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు, సంఘంలో అందరికంటే పెద్ద. మా నాన్నకీ నాకూ కూడా ఆయనే చదువు చెప్పారు. ఆఫీసు గదిలో కూర్చుని, అయ్యగారికి మాత్రమే ఉద్దేశించిన ఒక పేజీ నొక్కారు. తెర మీద వచ్చింది చదివారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"నాకు అనుమతి లేదా? ఈ చర్చి పునాదికి రాళ్ళు మోసింది మా నాన్నగారు. ఆయన కొడుక్కి అనుమతి లేదా? ఎవరన్నారండి ఆ మాట, పిలవండి," అన్నారు.

కంప్యూటరు అందండి అంటే ఆయనకి ఇంకా కోపం వచ్చింది. మా ప్రాంతంలో పెద్దవాళ్ళకి ఏదైనా కాదని చెప్పడానికి ఒక పద్ధతుంది. ముందు కూర్చోబెట్టాలి. మంచినీళ్ళివ్వాలి. ఆరోగ్యం కనుక్కోవాలి. చెప్పాల్సిన 'కాదు' అన్నది చివరికి ఎక్కడో నాలుగో మాటలో, వాళ్ళే గ్రహించేటట్టు రావాలి. నా ప్రోగ్రాము మొహం మీద తలుపేసింది. నేను రెండు రోజులు బుర్ర గోక్కుని ఆ వాక్యం మార్చాను.

"అయ్యా/అమ్మా, వందనాలు. ఈ పేజీ ప్రస్తుతం తమకి చూపించలేకపోతున్నామండి. దయచేసి ప్రార్థనలో మాత్రం జ్ఞాపకం చేసుకోండి."

మాస్టారు శాంతించారు. అంతే కాదు, ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించారు. ఆ తర్వాత ఏ ప్రార్థన కూటంలో చూసినా "తండ్రీ, మాకు తెరుచుకోని పేజీల్లోని బిడ్డల్ని కూడా దీవించు" అని ఆయన ప్రార్థన మొదలుపెట్టేవారు. అందరూ ఆమెన్ అనేవాళ్ళు.

తర్వాత స్త్రీల సమాజం వచ్చింది. అమ్మగారు ముందు, మా అమ్మ వెనక, ఇంకా నలుగురైదుగురు.

"మా పేజీ నీకు కూడా కనపడకూడదు," అన్నారు అమ్మగారు.

"నేను అడ్మిన్నండి. తయారు చేసినవాణ్ణి. నాకు కనపడకుండా ఎలాగండి?"

"ఇల్లు కట్టిన మేస్త్రి మంచం పక్కకి కూడా వస్తాడేట్రా?" అంది మా అమ్మ.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నాకు మా అమ్మ ఉంది. నోరు మూసుకుని, స్త్రీల సమాజం పేజీల్లో రాసిన ప్రతి మాటా లోపల గజిబిజి అక్షరాలుగా మారి దాక్కునేటట్టు చేశాను. అమ్మగారి పాస్‌వర్డు కొడితేనే అవి మళ్ళీ తెలుగవుతాయి. నేను తెరిస్తే నా మర్యాద వాక్యమే నాకు కనపడుతుంది. పరీక్షించి చూసుకుని, చిరాకు పడి, వదిలేశాను.

అన్నీ సర్దుకున్నాయనుకున్నాక మా బావగారి ఫోను వచ్చింది.

బావగారంటే మా పెదనాన్న కూతురి భర్త. మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పని. అక్క ఊళ్ళోనే, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి రక్తపోటు ఉందనీ, మనసు మీద ఏ బరువూ పెట్టొద్దనీ అమలాపురం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని మా ఇళ్ళలో అక్క ముందు గట్టిగా తుమ్మాలన్నా భయపడేవాళ్ళం.

"కంపెనీ మూసేసేరు బావమరిదీ. ఇంకో పని దొరకలేదు. దాచుకున్నదాంట్లోంచి ఇంటికి పంపుతున్నాను, మీ అక్కకి తెలీదు. విన్నపం రాస్తాను. సంఘమంతా ప్రార్థన చెయ్యాలి," అన్నాడు.

"అక్క కూడా సంఘమే కదా బావగారూ. అయ్యగారికి మాత్రమే అని టిక్కు పెట్టండి."

"ఒక్క అయ్యగారి ప్రార్థన చాలదురా. నాది పెద్ద కష్టం. ఊరంతా మోకాళ్ళ మీద పడాలి. మీ అక్కకి మాత్రం కనపడకూడదు."

ఊరందరికీ తెలియాలి, ఇంట్లో ఒక్కదానికి తెలియకూడదు. ఈ లెక్క ప్రపంచంలో ఇంకెక్కడైనా ఎవరైనా అడిగారో లేదో నాకు తెలీదు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. మనిషి కష్టం కంటే ముందు ప్రోగ్రాములోని చిక్కు కనపడే వయసు అది. అప్పటిదాకా నా గడులన్నీ తలుపు తెరిచేవే. మూసే గడి లేదు. అక్క 'సంఘమంతటికీ' అన్నదాంట్లో ఉంది కాబట్టి తలుపు తెరుచుకోవాలి, బావ వద్దన్నాడు కాబట్టి మూసుకోవాలి. తెరవమన్న మాటా, మూయమన్న మాటా ఒకేసారి వస్తే ఏది నెగ్గాలి? మూయమన్నదే నెగ్గాలని తేల్చుకుని, అయిదో గడి పెట్టాను. దాని పేరు 'వీరికి తప్ప'. ఆ గడిలో బావ అక్క పేరు రాశాడు. అక్క పేరుతో లాగినై చూస్తే ఆ విన్నపం ఉన్న గుర్తు కూడా కనపడలేదు. మర్యాద వాక్యం కూడా రాలేదు. నా భుజం నేనే తట్టుకున్నాను.

కంప్యూటరు గుట్టు దాచింది. ఊరికి దాచడం రాలేదు. అలాగని ఎవరూ నోరు జారలేదు, ఆ మాట చెప్పుకోవాలి. మైకు ముందు అయ్యగారితో సహా, నోట్లో నువ్వుగింజ నానని మనుషులు కూడా ఆ ఒక్క విషయంలో నోరు కట్టేసుకున్నారు. కానీ జాలి ఎక్కడో ఒకచోట కారాలి కదా. ఒకరు చేపల పులుసు పంపారు. ఒకరు పనసపొట్టు కూర, ఒకరు ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు. అక్కతో ఏనాడూ పలకని ఎదురింటావిడ దారిలో ఆపి, చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా, దేవుడున్నాడు" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఇవి చాలవన్నట్టు ఒక ఆదివారం పెద్ద మాస్టారు, అక్క ముందు వరసలో కూర్చుని ఉండగానే కళ్ళు మూసుకుని అందుకున్నారు.

"ప్రభువా, ఆ సంగతి నీకు తెలుసు. మాకూ తెలుసు. తెలియనివారికి తెలియకుండానే కాపాడు తండ్రీ!"

చర్చి మొత్తం ఆమెన్ అంది. అక్క కూడా అంది.

తర్వాతి శనివారం సాయంత్రం, బావ రాసిన మెయిల్ చూసుకోవడానికి అక్క చర్చి ఆఫీసు గదికి వచ్చింది. మెయిల్ చూసింది. అంతా బాగుందని రాశాడు మహానుభావుడు. అక్క లేవలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"తమ్ముడూ, ఒక మాట అడుగుతాను. అబద్ధం చెప్పకు. డాక్టరమ్మ మీ అమ్మతో ఏం చెప్పింది?"

నాకు అర్థం కాలేదు. "ఏం చెప్పిందక్కా? నీ ముందే కదా చెప్పింది."

"నా ముందు చెప్పింది కాదు. వెనక చెప్పింది. బిడ్డ బతకదనా? నేను బతకననా?"

ఆమె ముందే అన్నీ సిద్ధం చేసుకుని వచ్చింది. "ఊరంతా నాకు కూరలు పంపుతుంటే నాకు తెలీదనుకున్నారా? చావింటికి పంపినట్టు పంపుతున్నారు. నేను నడిచొస్తుంటే మాటలాపేస్తున్నారు. మాస్టారు గారి ప్రార్థన విన్లేదూ? రాత్రిళ్ళు చెయ్యి పెట్టుకుని చూసుకుంటున్నాను, కదుల్తున్నాడా లేదా అని. బిడ్డకి బొంతలు కుట్టడం కూడా ఆపేసేనురా. పెట్టెలో పెట్టి తాళమేసేను. చూస్తే ఏడుపొస్తంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. బావ మీద, కూరలు పంపిన ఊరి మీద, మాస్టారి ప్రార్థన మీద, అన్నిటికంటే ఎక్కువ నా అయిదో గడి మీద. ఆమె మనసు మీద బరువు పడకూడదని అందరం కలిసి ఇంత బండరాయి తెచ్చి పెట్టాం. బావని అడిగి చెయ్యాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. కంప్యూటరు నా వైపు తిప్పుకుని, ఆయన విన్నపం తెరిచి, 'వీరికి తప్ప' గడిలోంచి అక్క పేరు కొట్టేశాను. తెర మళ్ళీ ఆమె వైపు తిప్పాను.

"చదువు," అన్నాను.

అక్క వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఉద్యోగమా?"

"ఉద్యోగమే అక్కా."

"బిడ్డకేం లేదుగా?"

"బిడ్డకేంటి, మొన్ననేగా డాక్టరమ్మ వాడి గుండె చప్పుడు నీకు కూడా వినిపించింది."

"ఉద్యోగమేనా పోయింది!" అని అక్క పెద్దగా నవ్వేసింది. భర్త ఉద్యోగం పోయిందని అంత ఆనందపడిన ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నవ్వుతూ నవ్వుతూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నవ్వు కాదని తెలిసింది. కాసేపటికి మొహం తుడుచుకుని, ఈసారి నిజంగా కోపంగా చూసింది.

"ఊరందరికీ చెప్పుకున్నారు. నాకు చెప్పుకోలేకపోయేరా? నేనేం పరాయిదాన్నా?"

నేను కీబోర్డు మీద దుమ్ము తుడిచాను. ఆమె తెర వైపు వేలు చూపించింది.

"నా పేరు మళ్ళీ ఆ గడిలో పెట్టెయ్. నేను చూసినట్టు ఆయనకి తెలియకూడదు."

"ఎందుకక్కా? ఫోన్ చేసి రమ్మను, వస్తాడు."

"రారు. వట్టి చేతులతో వచ్చేనని నేను బాధపడతానని అక్కడే తిండి మానేసి కూచుంటారు. నాకు తెలీదేంటి ఆయన సంగతి." లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, "అమ్మగారిని పిలువు. మా సమాజం పేజీలో ఓ విన్నపం రాసుకోవాలి. నువ్వు బయటికి వెళ్ళు," అంది.

ఆ రాత్రి అక్క పెట్టె తాళం తీసి బొంతలు మళ్ళీ మొదలుపెట్టింది. వాటిలో ఒకటి, అప్పుడు కడుపులో ఉన్న మా మేనకోడలు దిండు కింద ఇప్పటికీ ఉంటుంది. ఉతకనివ్వదు.

ఆ పేజీలో ఏం రాసిందో తెలుసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. అడ్మిన్‌గా తెరిచాను. "అయ్యా/అమ్మా, వందనాలు" అంటూ నా వాక్యమే నాకు నమస్కారం పెట్టింది. మా అమ్మని అడిగాను. "చూపించలేకపోతున్నామండి," అంది మా అమ్మ, వంకాయలు తరుగుతూ. నేను రాసిన మర్యాద ఎదుటివాడికి ఎంత మంటగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పది పదిహేను రోజులు గడిచాయి. ఒకనాడు బావ ఫోన్ చేశాడు. టిక్కెట్టు కొనుక్కున్నాడట, హైదరాబాదులో దిగి నర్సాపురం రైలెక్కుతాడట, రేవుకి రమ్మన్నాడు. ఏమైంది బావగారూ అంటే పెట్టేశాడు.

నర్సాపురం నుంచి మా వైపు రావాలంటే పడవలాంటి పంటెక్కి గోదావరి దాటాలి. నేను మోపెడ్ వేసుకుని సఖినేటిపల్లి రేవులో నిలబడ్డాను. పంటు ఒడ్డుకి ఆనకుండానే బావ పెట్టె పట్టుకుని దూకేశాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు. గడ్డం మాసి ఉంది. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"నిజం చెప్పరా. ఉందా?"

"ఎవరు?"

"మీ అక్క!"

మోపెడ్ మీద వెనక కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దారంతా చెప్పాడు. మస్కట్‌లో ఉన్న మా ఊరివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆయన గదికి వచ్చారట. కువైట్ నుంచి కూడా ఫోన్లు చేశారట. అందరివీ ఒకటే మాటలు. ఆయ్, ఏం లేదండి. ఇంటి దగ్గర అంతా బాగానే ఉందండి. కంగారు పడాల్సిందేం లేదండి. ఓసారి ఇంటికెళ్ళొస్తే బాగుంటుందండి. ఎందుకని గట్టిగా అడిగితే తల దించుకున్నారట.

మా ప్రాంతం మనిషికి ఎవరైనా ఆ వరసలో ఆ మాటలు చెబితే అర్థం ఒక్కటే. శవం ఇంకా లేవలేదని. బావ ఆ మధ్యాహ్నమే టిక్కెట్టు కొన్నాడు.

స్త్రీల సమాజం పేజీలో అక్క ఏం రాసిందో నాకు అప్పుడు తెలిసింది. ఒక్కొక్కరూ గల్ఫులో ఉన్న మీ భర్తకో అన్నకో ఫోన్ చేసి, వాళ్ళ చేత మా ఆయన్ని ఇంటికి వెళ్ళమని చెప్పించండి, కారణం మాత్రం చెప్పొద్దు అని రాసుంటుంది. అక్క అడిగింది సమాజం చేసింది. ఒక్కటే తేడా, ఆ కబురు కోనసీమ నోళ్ళలో పడి వెళ్ళింది.

నాకు నవ్వాగలేదు. వెనక నుంచి బావ నా వీపు మీద గుద్దాడు. "నవ్వుతావేంట్రా, మీ అక్క ఉందా లేదా?" ఉంది బావగారూ అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. అందరూ అలాగే అన్నారట.

మా వీధి మలుపు తిరిగేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఎవరి గుమ్మంలో వాళ్ళు, ఎవరి దడి దగ్గర వాళ్ళు, ఏదో పని ఉన్నట్టు. పెద్ద మాస్టారు కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నారు. ఆ జనాన్ని చూడగానే బావ వెనక నుంచి "అయిపోయిందిరా" అన్నాడు.

అక్క పెరట్లో తాడు మీద చిన్న చిన్న బొంతలు ఆరేస్తోంది. మోపెడ్ చప్పుడు విని, కడుపు పట్టుకుని నెమ్మదిగా నడిచి గుమ్మంలోకి వచ్చింది.

బావ చేతిలో పెట్టె జారి కింద పడింది. "నీకేం కాలేదా?"

"నాకేవవుద్దండి?"

"బిడ్డ?"

"తన్నుతున్నాడు. ఉద్యోగం పోయిందటగా. రండి, అన్నం తిందురు గానీ."

బావ నా వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. అందరం ఆకాశం వైపు చూశాం. ఆయన మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడవకూడదని పళ్ళు బిగబట్టుకున్నాడు. అక్క వంగలేక వంగి, ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.

"ఊరందరి దగ్గరా ఏడ్చేరు కదండీ. ఇప్పుడు నా దగ్గర ఏడవండి."

లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేసింది. నేనింకా మెట్టు దగ్గరే పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను. జనం దడి దగ్గరకి జరిగారు. ఎదురింటావిడ కిటికీ వైపు మెడ చాచింది. పెద్ద మాస్టారు కుర్చీలోంచి లేచి, కండువా దులిపి భుజం మీద వేసుకున్నారు.

"పదండి, పదండి. ఈ పేజీ మనకి చూపించరండి," అన్నారు. "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం."